ఊరంతటికీ వైద్యం నేర్పే చదువు



చంటిబిడ్డకు విరేచనాలు పట్టుకుంటే ఇవాళ మన ఇళ్లలో ఏం చేస్తారు? మందుల షాపు నుంచో, ఆశా కార్యకర్త దగ్గర నుంచో ఓఆర్‌ఎస్ పొట్లం తెస్తారు. పొట్లం మీద రాసినన్ని కాచి చల్లార్చిన నీళ్లలో పొట్లం మొత్తం కలిపి, చెంచాతో కొద్దికొద్దిగా తాగిస్తారు. బిడ్డ తేరుకుంటుంది. అరవై ఏళ్ల కిందట ఇది ఇంత తేలికైన పని కాదు. ఒంట్లో నీళ్లు బాగా పోతే నరంలోంచి సెలైన్ ఎక్కిస్తేనే ప్రాణం నిలుస్తుందని డాక్టర్లు గట్టిగా నమ్మిన రోజులవి. సెలైన్ అందని చోట, సూది వేసే మనిషి లేని చోట పిల్లలు చేతుల్లోనే పోయేవారు. ఆ పరిస్థితి మారడం వెనక ఎందరో శాస్త్రవేత్తల కష్టం ఉంది. వాళ్లను తయారుచేసిన ఒక చదువు కూడా ఉంది. అదే ప్రజారోగ్య విద్య. ఆ విద్య కోసమే పుట్టిన ఒక విశ్వవిద్యాలయ కళాశాల గురించి, అక్కడి పరిశోధన మన గడప దాకా వచ్చిన తీరు గురించి ఈ ప్రసంగంలో మీకు చెప్పాలనుకుంటున్నాను.

అమెరికాలో బాల్టిమోర్ అనే రేవు పట్టణం ఉంది. అక్కడ జాన్స్ హాప్‌కిన్స్ అనే వ్యాపారి రాసిచ్చిన ఆస్తితో 1876లో విశ్వవిద్యాలయం, 1889లో ఆసుపత్రి మొదలయ్యాయి. 1893లో వైద్య కళాశాల తెరుచుకుంది. ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి క్రిముల శాస్త్రం బాగా పెరిగింది. ఏ జబ్బుకు ఏ క్రిమి కారణమో తెలుస్తోంది. అయినా ఊళ్లలో టైఫాయిడ్, డిఫ్తీరియా, క్షయ ఇంకా ప్రాణాలు తీస్తూనే ఉన్నాయి. 1909లో రాక్‌ఫెల్లర్ దాతృత్వ సంస్థ అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో కొంకిపురుగు అనే పేగు పురుగు మీద పెద్ద ఉద్యమం మొదలుపెట్టింది. మందు ఉంది, డబ్బు ఉంది. ఊరూరా తిరిగి పని నడిపించగల తర్ఫీదు ఉన్న మనుషులే దొరకలేదు. డాక్టర్లున్నారు కానీ వాళ్లు నేర్చుకున్నది ఎదురుగా మంచం మీద ఉన్న రోగికి వైద్యం చేయడం. వెయ్యి ఇళ్లున్న ఊరికి వైద్యం చేయడం వాళ్లకు ఎవరూ నేర్పలేదు.

ఆ లోటు తీర్చడానికి విలియం హెన్రీ వెల్చ్, విక్లిఫ్ రోజ్ అనే ఇద్దరు 1915లో ఒక నివేదిక రాశారు. ప్రజారోగ్యానికి విడిగా ఒక విద్యాలయం కావాలన్నది దాని సారాంశం. మరుసటి ఏడాది, 1916లో, రాక్‌ఫెల్లర్ నిధులతో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో ఆ కళాశాల ఏర్పడింది. వెల్చ్ దాని మొదటి డీన్. 1918 అక్టోబరులో తరగతులు మొదలయ్యాయి. సరిగ్గా అదే నెలలో ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి బాల్టిమోర్‌ను ముంచెత్తింది. కళాశాల ఎందుకు కావాలో వేరే ఎవరూ చెప్పనక్కర లేకుండా పోయింది.

మరి అక్కడ ఏం నేర్పారు? మొట్టమొదట నేర్పింది లెక్కపెట్టడం. అమెరికాలో ఎపిడెమియాలజీకి, అంటే జబ్బులు జనంలో వ్యాపించే తీరును చదివే శాస్త్రానికి, మొట్టమొదటి ప్రొఫెసరు వేడ్ హాంప్టన్ ఫ్రాస్ట్. ఆయన 1919లో ఈ కళాశాలలో చేరాడు. అంతకుముందు ఇన్‌ఫ్లుయెంజా విజృంభించినప్పుడు ఆయన, ఆయన సహచరులు కలిసి మేరీల్యాండ్ ఊళ్లలోనూ మరికొన్ని పట్టణాల్లోనూ ఇంటింటి సర్వే చేయించారు. ఈ ఇంట్లో ఎందరున్నారు, ఎంతమందికి జ్వరం వచ్చింది, ఎప్పుడు వచ్చింది, ఎవరెవరు చనిపోయారు, వాళ్ల వయసెంత? అడిగినవి ఇలాంటి చిన్న ప్రశ్నలే. ఆసుపత్రి రిజిస్టరులో వచ్చిన రోగులే ఉంటారు. రాలేనివాళ్లు, వచ్చే దారిలోనే పోయినవాళ్లు, జబ్బు చేసి దానంతటదే తగ్గినవాళ్లు అందులో కనిపించరు. వాళ్లందరినీ లెక్కలోకి తెచ్చుకుంటే తప్ప జబ్బు అసలు రూపం తెలియదు. ఆ కళాశాల తన విద్యార్థులకు అలవాటు చేసిన మొదటి గుణం ఇదే. 1932లో నగర ఆరోగ్య శాఖతో కలిసి బాల్టిమోర్ తూర్పు వైపు పేటలను తన అధ్యయన క్షేత్రంగా చేసుకుంది. విద్యార్థులకు ఆ వీధులే పాఠ్యపుస్తకాలయ్యాయి.

తాగే నీళ్ల సంగతి కూడా ఈ కథలో భాగమే. క్లోరిన్ క్రిములను చంపుతుందని అప్పటికే తెలుసు. ఎంత కలపాలన్నదే చిక్కు. తక్కువైతే టైఫాయిడ్ ఆగదు, ఎక్కువైతే నీళ్లు నోట పెట్టలేం. పైగా ఒక నది నీళ్లలా ఇంకో నది నీళ్లు ఉండవు. మేరీల్యాండ్ ఆరోగ్య శాఖలో పనిచేస్తున్న ఏబెల్ వోల్మన్ అనే యువ ఇంజనీరు, లిన్ ఎన్‌స్లో అనే రసాయన శాస్త్రవేత్త కలిసి 1919 ప్రాంతంలో ఆ మోతాదును కచ్చితంగా తేల్చే పద్ధతి కనిపెట్టారు. వోల్మన్ హాప్‌కిన్స్‌లోనే చదువుకున్నాడు, ఆ తర్వాత దశాబ్దాల తరబడి అక్కడే పాఠాలు చెప్పాడు. ఇవాళ మన పంచాయతీ ట్యాంకులో క్లోరిన్ వేసి, కుళాయి చివర నీళ్లు పట్టి పరీక్షించే పని ఆ దారిలో వచ్చిందే.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 1971. తూర్పు పాకిస్తాన్‌లో యుద్ధం. దాదాపు కోటిమంది కట్టుబట్టలతో సరిహద్దు దాటి మన దేశంలోకి వచ్చారు. వానాకాలం మొదలైంది. శిబిరాల్లో కలరా అంటుకుంది. పశ్చిమ బెంగాల్‌లో సరిహద్దు పక్కనే బన్‌గావ్ అనే పట్టణం ఉంది. అక్కడి ఆసుపత్రిలో కలరా రోగులకు ఉన్నవి రెండు గదులు, పదహారు మంచాలు. వచ్చిన రోగులు వందల్లో ఉన్నారు. నేల మీద, వాంతుల్లో విరేచనాల్లో పడి ఉన్నారు. సెలైన్ ఎక్కించాలంటే డాక్టరు ఆ నేల మీదే మోకాళ్ల మీద కూర్చోవాలి. ఆ డాక్టరు పేరు దిలీప్ మహలనబిస్. పిల్లల వైద్యుడు. కలకత్తాలో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం నడిపిన వైద్య పరిశోధన, శిక్షణ కేంద్రంలో పనిచేసేవాడు.

సెలైన్ నిల్వ చూస్తుండగానే అయిపోవచ్చింది. మిగిలిన దారి ఒక్కటే. ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు నోటితో తాగించడం. ఆ దారి ఆకాశంలోంచి ఊడిపడలేదు. 1953లోనే కలకత్తా డాక్టరు హేమేంద్రనాథ్ చటర్జీ నోటి ద్వారా ఇచ్చే ద్రావణంతో కలరా రోగులు కోలుకున్నారని లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశాడు. పేగుల్లో గ్లూకోజు ఉంటే దానితోపాటు సోడియం లోపలికి వెళ్తుందని 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త వివరించాడు. ఉప్పు వెళ్లిన చోటికి నీళ్లూ వెళ్తాయి. కలరా వచ్చిన పేగుల్లో కూడా ఈ పని చెడిపోదు. అసలు కీలకం అదే. 1960ల చివర్లో ఢాకాలో, కలకత్తాలో పరిశోధకులు దీన్ని ఆసుపత్రి మంచాల మీద, కొలతలు వేసుకుంటూ నిరూపించారు. కానీ డాక్టర్లూ నర్సులూ కాపలా ఉన్న వార్డు వేరు, బురదలో వేసిన శిబిరం వేరు. చదువురాని తల్లి, అలిసిపోయిన అన్న, వణుకుతున్న తాత ఈ మందు ఇవ్వగలరా అన్నది ఎవరికీ తెలియదు.

మహలనబిస్ ఆ సాహసం చేశాడు. కలకత్తా కేంద్రంలో గ్రంథాలయ గదిని పొట్లాలు కట్టే చోటుగా మార్చారు. లీటరుకు 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల మామూలు ఉప్పు, రెండున్నర గ్రాముల వంట సోడా. తూకం వేసి, ప్లాస్టిక్ సంచుల్లో పోసి, మూతిని ఇస్త్రీ పెట్టెతో అతికించారు. లీటరుకు అయిన ఖర్చు 11 పైసలు. శిబిరంలో పెద్ద పీపాల్లో కలిపి ఉంచారు. రోగి బంధువులు గిన్నెలూ లోటాలూ తెచ్చి పట్టుకెళ్లి తాగించారు. ఎంత ఇవ్వాలి? దాహం ఉన్నంతసేపూ ఇవ్వండి. అంతే పాఠం. దానికి ఆయన నోటి సెలైన్ అని పేరు పెట్టాడు, ఎందుకంటే సెలైన్ మీద జనానికి గురి ఉంది. రెండు నెలల్లో మూడున్నర వేలమందికి పైగా రోగులకు వైద్యం అందింది. శిబిరాల్లో కలరా వచ్చినవాళ్లలో నూటికి 30 మంది దాకా పోతున్న రోజులవి. మహలనబిస్ బృందం చూసినవాళ్లలో అది 3.6 శాతానికి దిగింది.

రేడియో శ్రోతలుగా మీరు ప్రత్యేకంగా గుర్తుంచుకోదగ్గ సంగతి ఒకటుంది. ఈ ద్రావణం కలిపే పద్ధతిని కరపత్రాలుగా వేసి సరిహద్దు వెంబడి పంచారు. దాంతోపాటు బంగ్లాదేశ్ విముక్తి కోసం రహస్యంగా నడిచిన రేడియో కేంద్రం నుంచి కూడా ప్రసారం చేశారు. ఉప్పు, గ్లూకోజు, నీళ్లు ఎలా కలపాలో చెప్పే నాలుగు మాటలు గాలిలో ప్రయాణం చేసి, డాక్టరు వెళ్లలేని చోటికి వెళ్లాయి. తెలిసిన విషయాన్ని అవసరమైన మనిషికి అర్థమయ్యేలా చేర్చడం వైద్యంలో సగం అని ఈ మైక్రోఫోను ముందు కూర్చున్న ప్రతిసారీ నాకు అనిపిస్తుంది.

వైద్యలోకం దీన్ని వెంటనే నమ్మలేదు. కొన్నేళ్లు పట్టింది. 1978లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అతిసార నివారణ కార్యక్రమం మొదలుపెట్టి ఓఆర్‌ఎస్‌ను దేశదేశాలకూ తీసుకెళ్లింది. అదే ఏడాది లాన్సెట్ పత్రిక, ఈ శతాబ్దపు వైద్య ఆవిష్కరణల్లో దీనికే అన్నిటికన్నా పెద్దపీట దక్కవచ్చని సంపాదకీయం రాసింది. ఆనాటి నుంచి ఇది కాపాడిన ప్రాణాలు కోట్లలో ఉంటాయని అంచనా. దిలీప్ మహలనబిస్ 2022లో కన్నుమూశారు. మరుసటి ఏడాది భారత ప్రభుత్వం మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించింది.

హాప్‌కిన్స్ ప్రజారోగ్య కళాశాల మరో పాఠం పంజాబ్‌లో నేర్చుకుంది. కార్ల్ టేలర్ అనే ఆయన మన ముస్సోరీలో, మిషనరీ కుటుంబంలో పుట్టాడు. 1961లో హాప్‌కిన్స్‌లో అంతర్జాతీయ ఆరోగ్య విభాగాన్ని ఆయనే మొదలుపెట్టాడు. లూథియానా దగ్గర నారంగ్‌వాల్ అనే పల్లెను, దాని చుట్టుపక్కల ఊళ్లను కేంద్రంగా చేసుకుని చాలా ఏళ్లు పరిశోధన నడిపించాడు. ఊరి స్థాయి ఆరోగ్య కార్యకర్తలైన ఆడవాళ్లకు తర్ఫీదు ఇస్తే, ఇంటింటికీ తిరిగి బిడ్డల బరువు చూస్తూ, న్యుమోనియాను మొదట్లోనే పట్టుకుని పెన్సిలిన్ ఇస్తే, విరేచనాలకు ద్రావణం తాగిస్తే పిల్లల మరణాలు తగ్గుతాయని అక్కడ తేలింది. 1978లో అల్మా-అటాలో ప్రపంచ దేశాలు అందరికీ ప్రాథమిక వైద్యం అన్న ప్రకటన చేసినప్పుడు ఇలాంటి అనుభవాలే దానికి దన్నుగా నిలిచాయి. మన ఊళ్లో ఆశా కార్యకర్త తలుపు తట్టినప్పుడు ఆమె వెనక ఇంత శాస్త్రం ఉందని మనం గుర్తించాలి. ఆమెకు ఇచ్చే గౌరవం, ఆమెకు చెల్లించే వేతనం ఆ శాస్త్రానికి తగ్గట్టు ఉండాలి.

ఇక మన హైదరాబాదుకు నేరుగా సంబంధం ఉన్న కథ. మన పెద్దలకు రేచీకటి బాగా తెలుసు. సందె పడేసరికి పిల్లాడు గడప తగిలి పడతాడు. కంచంలో అన్నం తడుముకుంటాడు. కంటి తెల్లగుడ్డు మీద నురుగులాంటి తెల్ల మచ్చ కనిపిస్తుంది. ఇది విటమిన్ ఏ లోపం. ఆ విటమిన్‌ను 1913లో విస్కాన్సిన్‌లో గుర్తించిన మెక్‌కాలమ్, 1917లో హాప్‌కిన్స్ కొత్త కళాశాలకు వచ్చి చేరాడు. అరవై ఏళ్ల తర్వాత అదే కళాశాలలో చదివిన కంటి డాక్టరు ఆల్ఫ్రెడ్ సామర్ ఇండోనేసియాలో పిల్లల చూపు ఎందుకు పోతోందో పరిశోధించాడు. ఆరు ఊళ్లలో దాదాపు మూడున్నర వేలమంది పిల్లలను మూడు నెలలకోసారి, ఏడాదిన్నర పాటు పరీక్షించారు. ఆ లెక్కలు మళ్లీ తిరగేస్తుంటే ఆయనకు ఊహించనిది ఒకటి కనిపించింది. కొందరు పిల్లలు తర్వాతి పరీక్షకు రాలేదు. ఎందుకంటే వాళ్లు చనిపోయారు. రేచీకటి, తెల్ల మచ్చ మాత్రమే ఉన్న పిల్లలు కూడా కళ్లు బాగున్న పిల్లలతో పోలిస్తే సగటున నాలుగు రెట్లు ఎక్కువగా చనిపోయారు. కంటి జబ్బు అనుకున్నది ప్రాణానికే ముప్పు అని 1983లో లాన్సెట్‌లో ప్రచురించాడు. ఆ తర్వాత సుమత్రాలోని అచే ప్రాంతంలో 450 గ్రామాల్లో జరిగిన పరీక్షలో, విటమిన్ ఏ మోతాదు అందిన ఊళ్లలో పిల్లల మరణాలు 34 శాతం తక్కువని 1986లో తేలింది. మన తమిళనాడులో, నేపాల్‌లో జరిగిన పరీక్షలు కూడా మరణాలు తగ్గాయనే చెప్పాయి.

ఈ కథలో మన జాతీయ పోషకాహార సంస్థ స్థానం చాలా పెద్దది. కూనూరులో 1918లో చిన్న పరిశోధనగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ అది. ఆరు నెలలకోసారి రెండు లక్షల యూనిట్ల విటమిన్ ఏ ఇస్తే చూపు కాపాడవచ్చని చూపింది వాళ్లే. ఆ ఆధారంతోనే 1970లో భారత ప్రభుత్వం జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. ఇవాళ తట్టు టీకాతోపాటు తొమ్మిదో నెలలో మొదలుపెట్టి అయిదేళ్లు వచ్చేదాకా ఏఎన్ఎం చెంచాతో పోసే ఆ పసుపుపచ్చని మందు అక్కడి నుంచి వచ్చిందే.

అదే హైదరాబాదు శాస్త్రవేత్తలు మరణాల ప్రశ్నను తమ ప్రాంతంలో తామే పరీక్షించారు. 1990లో లాన్సెట్‌లో ఫలితం ప్రకటించారు. విటమిన్ అందిన పిల్లల్లోనూ, అందని పిల్లల్లోనూ మరణాలు దాదాపు ఒకేలా ఉన్నాయని నిర్భయంగా రాశారు. అప్పటికి ప్రపంచమంతా విటమిన్ ఏ మరణాలను తగ్గిస్తుందన్న వైపే మొగ్గుతోంది. 2013లో ఉత్తరప్రదేశ్‌లో పది లక్షల మంది పిల్లల మీద జరిగిన మరో పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. దానిలో కూడా మరణాల తగ్గుదల స్వల్పమే. ఎవరో ఒకరు తప్పు చేశారని దీని అర్థం కాదు. పిల్లలు తినే తిండి, తట్టు టీకా అందే తీరు, ఊళ్లోకి ఆరోగ్య కార్యకర్త వచ్చే తీరు చోటుకో రకంగా ఉంటాయి. అందుకే ఒకచోట నిజమైనది మన మట్టిలో ఎంతవరకు నిజమో మనమే కొలిచి చూసుకోవాలి. పేరున్న విశ్వవిద్యాలయం చెప్పింది కదా అని తలూపకుండా లెక్క తీసి చూడటమే ఆ విశ్వవిద్యాలయం నేర్పిన పాఠానికి అసలైన గౌరవం. మందు ఇస్తూనే మునగాకు, తోటకూర, బొప్పాయి, గుడ్డు పిల్లల కంచంలోకి తేవాలని హైదరాబాదు శాస్త్రవేత్తలు పట్టుబట్టారు. 

మళ్లీ హాప్‌కిన్స్ కథకు వద్దాం. మశూచిని భూమి మీద లేకుండా చేసిన ప్రపంచ ఆరోగ్య సంస్థ కార్యక్రమానికి నాయకత్వం వహించిన డొనాల్డ్ హెండర్సన్, 1977లో అక్కడి ప్రజారోగ్య కళాశాలకే డీన్‌గా వచ్చాడు. కోవిడ్ రోజుల్లో మన టీవీల్లో, పత్రికల్లో రోజూ కనిపించిన ప్రపంచ కేసుల పట్టిక కూడా జాన్స్ హాప్‌కిన్స్‌దే. ఆ విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ విభాగం వాళ్లు 2020 జనవరి 22న దాన్ని మొదలుపెట్టి 2023 మార్చి దాకా నడిపించారు. వందేళ్ల కిందట ఇంటింటి సర్వే నేర్పిన సంస్థ నుంచి రావలసిన పనే అది. అయితే ఇలాంటి సంస్థలు ఎంత గొప్పవైనా పరాయి నిధుల మీద ఆధారపడితే నిలకడ ఉండదు. 2025లో అమెరికా ప్రభుత్వం విదేశీ సహాయాన్ని కోసేసినప్పుడు జాన్స్ హాప్‌కిన్స్ 80 కోట్ల డాలర్లకు పైగా నిధులు పోగొట్టుకుంది. రెండు వేలకు పైగా ఉద్యోగాలు పోయాయి. వాటిలో ఎక్కువ భాగం అమెరికా బయటి దేశాల్లోని ఉద్యోగాలు.

కనుక మన ఇంటి సంగతి మనం చూసుకోవాలి. మనకు పునాదులు లేకపోలేదు. రాక్‌ఫెల్లర్ సాయంతోనే 1932లో కలకత్తాలో అఖిల భారత ప్రజారోగ్య సంస్థ వెలిసింది. 1939లో మద్రాసు ప్రజారోగ్య చట్టం వచ్చినప్పుడు కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ రాష్ట్రంలోనే ఉన్నాయి. అంటే మన దేశంలో నీళ్లు, పారిశుధ్యం, అంటువ్యాధుల గురించి చట్టం చేసుకున్న తొలి ప్రాంతాల్లో మన ఊళ్లూ ఉన్నాయి. ఇవాళ హైదరాబాదులో భారతీయ ప్రజారోగ్య సంస్థ, హైదరాబాదు విశ్వవిద్యాలయం వంటి చోట్ల ప్రజారోగ్యంలో పీజీ చదువుకోవచ్చు. ఎంబీబీఎస్ చదవనివాళ్లకు కూడా ఇలాంటి కోర్సుల్లో అవకాశం ఉంది. నర్సింగ్, సైన్సు, గణాంక శాస్త్రం, సామాజిక శాస్త్రం చదివిన పిల్లలు ఇందులో రాణించగలరు. ప్రతి రాష్ట్రంలో ప్రజారోగ్యానికి విడిగా ఉద్యోగ శ్రేణి ఉండాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. 2022లో కేంద్రం మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. చదివినవాళ్లకు జిల్లాల్లో, మండలాల్లో నిజమైన ఉద్యోగాలు ఉంటేనే ఆ కాగితాలకు విలువ. ఆసుపత్రి కట్టినప్పుడు రిబ్బను కత్తిరించే నాయకులు, అతిసారం రాకుండా ఆగిన ఊరిని చూసి కూడా గర్వపడే రోజు రావాలి. రాకుండా ఆగిన జబ్బుకు ఫొటో ఉండదు. అందుకే దాన్ని చూడగల చదువు మనకు కావాలి.

యువతీయువకులకు నా మాట ఒకటే. డాక్టరు సీటు రాలేదని కుంగిపోకండి. ఊరి మొత్తానికి ఆరోగ్యం ఇవ్వగల ఈ చదువు వైపు చూడండి. పెద్దలకు నా విన్నపం ఇంకొకటి. వచ్చే గ్రామసభకు వెళ్లినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఈ నెల మన ఊళ్లో ఎంతమందికి విరేచనాలు వచ్చాయి? మంచినీళ్ల ట్యాంకులో క్లోరిన్ చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? అయిదేళ్ల లోపు పిల్లల్లో బరువు తక్కువ ఉన్నవాళ్లు ఎందరు? జవాబు చెప్పగల మనిషి ఉంటే మెచ్చుకోండి. చెప్పేవాళ్లు లేకపోతే, వచ్చే నెలకైనా ఆ లెక్క రాయించండి. ఇది ఏ ఊరైనా ఇవాళే మొదలుపెట్టగల పని.